కమ్యూనిటీ కాలేజీలో మూడో ఏడు నడుస్తోంది, డిగ్రీ జాడ లేదు

ఈస్ట్‌బే_నాన్న
మా వాడికి ఇరవై. 2023లో హైస్కూల్ అయింది. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) వాడు కోరుకున్న చోట సీటు రాలేదు. వచ్చిన చోటికి అంత డబ్బు పోయడం ఎందుకని కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఫీజు తక్కువుండే రెండేళ్ల కాలేజీలో చేర్పించాం. యూనిట్‌కి, అంటే క్రెడిట్‌కి, 46 డాలర్లు. రెండేళ్లు ఇక్కడ, మూడో ఏడు యూసీ బర్క్లీలో కంప్యూటర్ సైన్స్, ఇదీ ప్లాన్. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

ఇప్పుడు ఆ మూడో ఏడు మొదలైంది. మొన్న ప్రింటర్ ట్రేలో వాడి ట్రాన్స్‌క్రిప్ట్ కనబడింది. 41 యూనిట్లే అయ్యాయి. నాలుగు చోట్ల డబ్ల్యూ, అంటే క్లాసు మధ్యలో వదిలేశాడని. కాల్క్యులస్ 2లో ఒకసారి డి గ్రేడు, ఒకసారి డబ్ల్యూ. ఈ సెమిస్టర్‌కి రెండే క్లాసులు వేసుకున్నాడు. మిగతా టైమంతా బోబా (సగ్గుబియ్యం టీ) షాపులో పని, వారానికి పాతిక గంటలు. అడిగితే "అవుతుంది నాన్నా" అంటాడు. రెండేళ్లుగా ఇదే మాట.

మా ఆవిడ ఇండియాలో అందరికీ "బర్క్లీ పక్కన కాలేజీ" అని చెప్పింది. అబద్ధమేం కాదు, ట్రాఫిక్ లేకపోతే నలభై నిమిషాలు.

మాన్పించి ఏదైనా ప్రైవేటు యూనివర్సిటీలో పడేయాలా? చదువు వదిలేసి ఉద్యోగం చూసుకోమనాలా? ఇలాంటిది దాటొచ్చినవాళ్లుంటే చెప్పండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, ఇంట్లో అలవాటైపోయింది.

మిర్చిబజ్జీ_99
"బర్క్లీ పక్కన కాలేజీ" 😂 ఆంటీకి పాదాభివందనం. మా అమ్మ నా గురించి "శాన్ హోసేలో చదువుతున్నాడు" అని ఊరి పేరు చెప్పి ఆపేసేది. కాలేజీ పేరు అడిగేలోపు వాళ్ల కోడలి సంగతి ఎత్తేది.

డల్లాస్_బాబాయ్
సూటిగా చెప్తా, ఏమనుకోకండి. శ్రద్ధ లేదు, అంతే. ఫీజు మీరు కడుతుంటే బోబా షాపు దేనికి? ఉద్యోగం మాన్పించండి, ఫోన్ లాక్కోండి, 18 యూనిట్లు వేయించండి. ఒక్క సెమిస్టర్‌లో దారికొస్తాడు. మేమంతా ఇంటర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన బ్యాచే కదా.

లెక్కల_మేడం
బాబాయ్ గారూ, 18 యూనిట్లు వేయిస్తే ఒక్క సెమిస్టర్‌లో ఇంకో మూడు డబ్ల్యూలు వస్తాయి.

నేను బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) రెండు కమ్యూనిటీ కాలేజీల్లో పార్ట్‌టైమ్‌గా లెక్కలు చెప్తాను. పార్ట్‌టైమ్ వాళ్లకి ఒక డిస్ట్రిక్ట్‌లో (కాలేజీలు నడిపే బోర్డు) ఫుల్‌టైమ్ లోడ్‌లో 67 శాతం మించి ఇవ్వకూడదని రూలు. అందుకే పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట. మాలాంటి వాళ్లని ఫ్రీవే ఫ్లయర్లు అంటారు. నా ఆఫీస్ అవర్స్ సగం కారు డిక్కీ దగ్గరే నడుస్తాయి, అక్కడే మార్కర్లు, అక్కడే ఆన్సర్ పేపర్లు.

సెమిస్టర్ మొదట్లో 38 మందితో మొదలైన క్లాసు ఆరో వారానికి 28 అవుతుంది. పోయే పది మందీ మొద్దులని అనుకుంటారు అందరూ. పోయినసారి మిడ్‌టర్మ్‌లో 84 తెచ్చుకున్న అమ్మాయి ఆ మర్నాటి నుంచి రాలేదు. మూడు మెయిల్స్ పెడితే నాలుగో వారం జవాబొచ్చింది: షిఫ్ట్ మారింది మేడం, మీ క్లాసు టైమ్‌కి పని. మార్కులకీ మానేయడానికీ సంబంధం మనం అనుకున్నంత ఉండదు.

నాన్నగారూ, ఒకటి చూడండి. కాలిఫోర్నియాలో ఒక కోర్సుని ఒక డిస్ట్రిక్ట్‌లో మామూలుగా మూడుసార్లే రాయనిస్తారు. డి, ఎఫ్ ఒక్కటే కాదు, డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నం కిందే లెక్క. మీ వాడికి కాల్క్యులస్ 2లో రెండు అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ పోతే ఏమవుతుందోనని దాని దగ్గరికి వెళ్లకుండా చుట్టూ తిరుగుతున్నాడేమో కనుక్కోండి. నా దగ్గర ఏటా ఇద్దరు ముగ్గురు ఇలాంటి వాళ్లుంటారు.

ఈస్ట్‌బే_నాన్న
మూడుసార్లేనా? ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది మేడం. మనకి సప్లీలు అంటే ఎన్నిసార్లయినా కట్టొచ్చు అన్న లెక్కలోనే ఉన్నా.

ట్రాన్స్‌ఫర్_అయినోడు
అంకుల్, నాకు మూడున్నరేళ్లు పట్టింది. ఇప్పుడు యూసీ డేవిస్‌లో డిగ్రీ అయిపోయి శాక్రమెంటోలో ఉద్యోగం చేస్తున్నా. కాబట్టి మూడో ఏడు అంటే కొంప మునిగిపోలేదు.

మొదటి మూడు సెమిస్టర్లు క్లాసులు ఎలా ఎంచుకున్నానో తెలుసా? రేట్ మై ప్రొఫెసర్స్ అనే సైట్‌లో ఏ ప్రొఫెసర్‌కి ఎక్కువ స్టార్లుంటే వాళ్లది. మా ఫ్రెండ్ జాకీర్ ఉన్నాడు కాబట్టి ఆంత్రపాలజీ. శుక్రవారం ఖాళీ ఉంటుంది కాబట్టి ఫిల్మ్ హిస్టరీ. అన్నీ పాసయ్యా, కొన్నిట్లో ఏ కూడా వచ్చింది. నా మేజర్‌కి (మెయిన్ సబ్జెక్టుకి) అందులో 20 యూనిట్లకి పైగా ఎందుకూ పనికిరాలేదు. అసిస్ట్ డాట్ ఓఆర్‌జీ అని ఒక సైట్ ఉందని, మన కాలేజీ కోర్సు ఏ యూసీలో, ఏ సీఎస్‌యూలో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలు) దేనికి సమానమో అందులో వరసగా ఉంటుందని నాకు నాలుగో సెమిస్టర్‌లో తెలిసింది.

ఎవరూ చెప్పలేదని అనను. ఓరియెంటేషన్‌లో చెప్పారు. 94 స్లైడ్‌లు. అది 61వ స్లైడ్ అనుకుంటా.

మిర్చిబజ్జీ_99
61వ స్లైడ్ దగ్గర మెలకువగా ఉన్నావంటే నువ్వు మామూలోడివి కాదు బ్రో

డల్లాస్_బాబాయ్
మేడం గారి మాట కాదనను. కానీ 41 యూనిట్లు రెండేళ్లలో అంటే సెమిస్టర్‌కి పది. పది యూనిట్లకే అంత కష్టమా అని నా బాధ. డిగ్రీకి 60 కావాలి, సెమిస్టర్‌కి 15 చొప్పున తీసుకుంటేనే రెండేళ్లలో అవుతుంది. ఐదో క్లాసు లెక్క అది.

కౌన్సెలింగ్_అక్క
బాబాయ్ గారి కూడిక కరెక్టే. పైగా దాని వెనక ఒక తిరకాసుంది. ఫీజు సాయం చూసే ఎయిడ్ ఆఫీసు వాళ్లు 12 యూనిట్లనే ఫుల్‌టైమ్ అంటారు. పిల్లాడు 12 వేసుకుని "నేను ఫుల్‌టైమే కదా" అనుకుంటాడు. 12 చొప్పున నాలుగు సెమిస్టర్లు అంటే 48. రెండేళ్లు ఫుల్‌టైమ్ చదివి 12 తక్కువతో నిలబడతాడు, ఎక్కడ తప్పు చేశాడో వాడికే తెలియదు.

నేను దక్షిణ కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్‌ని. నా ఒక్కదాని వాటాకి వెయ్యి మందికి పైనే. అపాయింట్‌మెంట్ అరగంట. అందులో పది నిమిషాలు పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికే పోతాయి. మాది గొప్ప సేవ అని చెప్పడానికి రాలేదు, ఎలా వాడుకోవాలో చెప్తా.

మొదట మీ అబ్బాయి పోర్టల్‌లోకి వెళ్లి హోల్డ్స్ (రిజిస్ట్రేషన్‌ని ఆపే అడ్డంకులు) అనే చోట ఏమైనా ఉందేమో చూడాలి. నవ్వకండి, సగం కథలు అక్కడే ఉంటాయి. తర్వాత డిగ్రీ ఆడిట్ (ఏ కోర్సులు అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే లిస్టు) తీసి, కౌన్సెలర్ దగ్గర పూర్తి ఎడ్యుకేషన్ ప్లాన్ వేయించుకోవాలి. ఒక్క సెమిస్టర్‌ది కాదు, చివరిదాకా. ఇప్పుడు ఆగస్టు చివర, మా ఆఫీసుల బయట లైను రేషన్ షాపులా ఉంటుంది. సెప్టెంబర్ రెండో వారంలో వెళ్లమనండి.

ఇంకోటి, బర్క్లీ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. యూసీల్లో ట్యాగ్ అని ఉంది, షరతులు దాటితే సీటు గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటికే. బర్క్లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో అందులో లేవు. కొన్నిచోట్ల కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లకి ఇవ్వరు, విడిగా చూసుకోవాలి. దరఖాస్తు సెప్టెంబర్ నెలలోనే. సీఎస్‌యూకి వెళ్తానంటే ఏడీటీ అనే రెండేళ్ల డిగ్రీ ఉంది, 2010లో చట్టం చేసి పెట్టింది. అది పూర్తయితే సీఎస్‌యూలో ఎక్కడో ఒకచోట జూనియర్‌గా, అంటే మూడో ఏట సీటు ఖాయం, అక్కడ ఇంకో 60 యూనిట్లు చాలు.

కాకినాడ_కాజా
మా మామగారికి ఈ కమ్యూనిటీ కాలేజీ సంగతి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. చివరికి "పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లో చేరతారు చూడండి, అదే" అన్నా. "ఓ, లేటరల్ ఎంట్రీ! ముందే చెప్పొచ్చుగా" అన్నారు. అప్పట్నుంచీ "మా అల్లుడి తమ్ముడు లేటరల్ ఎంట్రీ" అని ఆయనే అందరికీ చెప్తున్నారు.

ఈస్ట్‌బే_నాన్న
అక్కా, నేనే కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుందామని చూశా. "సర్, ఆ పేరుతో ఇక్కడ ఎవరైనా చదువుతున్నారో లేదో కూడా నేను చెప్పలేను" అంది ఆవిడ. ఫీజు కట్టింది నా కార్డే అన్నా. "థాంక్యూ సర్" అంది.

కౌన్సెలింగ్_అక్క
అది ఫెర్పా, విద్యార్థుల రికార్డులు గోప్యంగా ఉంచే చట్టం, 1974 నాటిది. పిల్లలు కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు వాళ్లదే, 18 నిండకపోయినా సరే. వాడు సంతకం పెడితేనే మీకు చెప్తాం. ఫోన్ కాదు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. కూర్చోబెట్టి అంటే నిలదీసి కాదు.

ఆవకాయ_ఎడిసన్
నాది వేరే కథ, కానీ ఇక్కడే చెప్తా. హెచ్4లో (డిపెండెంట్ వీసా) వచ్చా, ఇంట్లో రెండేళ్ల పాప. బీకాం ఉంది కానీ ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. న్యూజెర్సీలో మా కౌంటీ కాలేజీలో అకౌంటింగ్ మొదలుపెట్టా. సెమిస్టర్‌కి ఒకటి, కుదిరితే రెండు క్లాసులు. ఐదేళ్లు పట్టింది.

"సెమిస్టర్‌కి పది యూనిట్లకే కష్టమా" అని బాబాయ్ గారు అన్నది చదివి నవ్వొచ్చింది. నా క్లాసు రాత్రి 7 నుంచి 9:40. మా ఆయన ట్రైన్ 6:50కి ఎడిసన్‌లో దిగాలి. అది లేటయితే నేను క్లాసుకి లేటు. కాలేజీలో చైల్డ్ కేర్ ఉంది, సాయంత్రం ఐదుకి మూసేస్తారు. రాత్రి క్లాసులకి వచ్చేవాళ్లకే పిల్లలుంటారని ఎవరికీ తట్టలేదు. స్నో పడి ట్రైన్లు ఆగిపోయిన రోజు పాపని వెంట తీసుకెళ్లా. వెనక బెంచీలో చపాతీ రోల్ తింటూ క్రేయాన్స్‌తో నా లెడ్జర్ షీటంతా రంగులేసింది. ప్రొఫెసర్ గారు చూసి, "ఈ కంపెనీ లాభాల్లో ఉన్నట్టుంది" అన్నారు. ఆ ఒక్క మాట అనకపోయుంటే మర్నాటి నుంచి వెళ్లేదాన్ని కాదేమో.

మిర్చిబజ్జీ_99
ఆ పాప ఇప్పుడు సీపీఏ అయ్యుంటుంది

ఆవకాయ_ఎడిసన్
ఎనిమిదో క్లాసు. లెక్కలంటే పడదు.

క్వీన్స్_కుర్రాడు
బాబాయ్ గారి "శ్రద్ధ లేదు"కి నా సమాధానం: న్యూయార్క్‌లో క్యూనీ (సిటీ యూనివర్సిటీ) కాలేజీల్లో ఏశాప్ అని రెండేళ్ల డిగ్రీ పూర్తిచేయించడానికి సాయంచేసే ప్రోగ్రాం ఉంది, 2007 నుంచి. నేను అందులోనే చదివా. అందులో ఉన్నవాళ్లని, లేనివాళ్లని చీటీ వేసినట్టు విడదీసి ఎండీఆర్‌సీ అనే సంస్థ పరిశోధన చేసింది. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు మామూలుగా 22 శాతం. ఏశాప్‌లో 40. అవే కాలేజీలు, అవే సిలబస్‌లు, అదే రకం పిల్లలు. శ్రద్ధని ఇంజెక్షన్‌లో ఎక్కించలేదు కదా ఎవరూ.

ఏం చేశారంటే, ఒక అడ్వైజర్‌కి 60 నుంచి 80 మంది పిల్లలే. ఎయిడ్ పోగా ఫీజుకి తక్కువపడ్డ డబ్బు వాళ్లే కట్టారు, పుస్తకాలకి సాయం చేశారు. నెలనెలా మెట్రోకార్డ్, అంటే బస్సు, రైలు పాస్. దాని సంగతే చెప్పాలి. కార్డు కావాలంటే అడ్వైజర్‌ని కలవాల్సిందే. నేను మొదట్లో కార్డు కోసమే వెళ్లేవాణ్ణి. "కూర్చో, రెండు నిమిషాలు" అనేది ఆవిడ. నెలాఖరున జేబు ఖాళీ అయ్యేటప్పటికి ఆవిడ గుర్తొచ్చేది. అలా రెండేళ్లలో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. ఫిజిక్స్ వదిలేద్దామనుకున్న రోజు కూడా కార్డు కోసమే వెళ్లా. వదల్లేదు.

ఖర్చెక్కువ అంటారు. నిజమే, ఒక్కో విద్యార్థి మీద 60 శాతం ఎక్కువ పెట్టారు. పూర్తిచేసినవాళ్లు పెరిగారు కాబట్టి ఒక డిగ్రీకి పడిన ఖర్చు చూస్తే తగ్గింది. ఒహాయోలో మూడు కాలేజీలు ఇదే పెట్టుకుంటే అక్కడా బాగానే పనిచేసింది.

ఆవకాయ_ఎడిసన్
తమ్ముడూ, బాగుంది. కానీ ఏశాప్‌లో ఫుల్‌టైమ్ చదవాలని కండిషన్ కదా? సెమిస్టర్‌కి ఒక్క క్లాసు తీసుకునే నాలాంటి దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు. ముందే దారిలో ఉన్నవాళ్లని ఇంకాస్త ముందుకి తోశారేమో.

క్వీన్స్_కుర్రాడు
ఫుల్‌టైమ్ కండిషన్ నిజమే అక్కా. ముందే దారిలో ఉన్నవాళ్లు అన్నది మాత్రం ఒప్పుకోను. చీటీ వేసింది ఆ కండిషన్‌కి ఒప్పుకున్నవాళ్ల మధ్యే. రెండు పక్కలా అలాంటివాళ్లే ఉన్నారు, అయినా 40, 22. పార్ట్‌టైమ్ వాళ్లకి ఏం చేయాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

పాన్‌హ్యాండిల్_డాక్టరమ్మ
పార్ట్‌టైమ్ వాళ్ల గురించి మా ఊరు చెప్పాలి. అమరిల్లో, టెక్సాస్. ఆవుల వాసన తప్ప ఏమీ ఉండదని డల్లాస్ వాళ్లు వెక్కిరిస్తారు. ఇక్కడి అమరిల్లో కాలేజీకి 2023లో ఆస్పెన్ ప్రైజ్ (దేశంలో మేటి కమ్యూనిటీ కాలేజీకి ఇచ్చేది) వచ్చింది, కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ కాలేజీతో కలిపి.

వీళ్లు తమ పిల్లల లెక్కలన్నీ కూడి ఒక మనిషిని తయారుచేసుకున్నారు. పేరు మరియా. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది, పిల్లల తల్లి, రెండు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, చదువు కూడా పార్ట్‌టైమే. ఏ నిర్ణయమైనా ఈ మరియాకి కుదురుతుందా అని చూస్తారు. చదువెందుకు ఆగుతోందని పిల్లల్ని అడిగితే పైన వచ్చినవన్నీ క్లాసు బయటి కష్టాలే, తిండి, ఇల్లు, బండి, పిల్లల్ని చూసుకునేవాళ్లు. అందుకని క్యాంపస్‌లోనే సరుకులిచ్చే చోటు, సోషల్ వర్కర్లు, అత్యవసరానికి డబ్బు పెట్టారు. పదహారు వారాల సెమిస్టర్‌ని ఎనిమిది వారాల ముక్కలుగా కోశారు. నాలుగు క్లాసులు ఒకేసారి మొయ్యక్కర్లేదు, రెండు తర్వాత రెండు. మధ్యలో కారు పాడైతే పోయేది ఆ రెండే.

మా క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్ అలాగే చదివింది. ఈ ఏర్పాటు ముందే ఉంటే ఆవిడ ఎప్పుడో నర్సు అయ్యేది. ఇప్పుడు అదీ చదువుతోంది.

డల్లాస్_బాబాయ్
ఆవుల వాసన మేమే కాదు, లబ్బక్ వాళ్లూ వెక్కిరిస్తారు 🙂

సరే, ఒక మాట ఒప్పుకుంటా. మా చెల్లెలి కొడుకు ఇక్కడే డల్లాస్‌లో చదివాడు. బస్సు పాస్ కాలేజీయే ఇచ్చింది. వాడికి నేను కారు కొనిస్తానంటే వద్దన్నాడు, బస్సులో నిద్రపోవచ్చట.

ప్రయారిటీడేట్_2014
ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. హెచ్4 పిల్లలకి 21 వస్తే ఆ వీసా చెల్లదు, ఈ సలహాలు సగం పనిచేయవు. మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో ఉండగానే ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారాల్సి వచ్చింది. అప్పట్నుంచి సెమిస్టర్‌కి 12 యూనిట్లు తప్పనిసరి, ఆన్‌లైన్ క్లాసు అందులో ఒక్కటే లెక్కలోకి వస్తుంది. బోబా షాపు లాంటి బయటి ఉద్యోగాలు కుదరవు, క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలు. కష్టంగా ఉంది, ఒక క్లాసు వదిలేస్తానంటే ముందు డీఎస్‌ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అడగాలి. మా అమ్మాయికి కెమిస్ట్రీలో డబ్ల్యూ అంటే మార్కుల గొడవ కాదు, దేశంలో ఉండే గొడవ. రాత్రుళ్లు పొట్టలో నొప్పి అనేది. ముగ్గురు డాక్టర్లని చూశాక అర్థమైంది అది కెమిస్ట్రీ అని.

మిర్చిబజ్జీ_99
దీనికి జోక్ రావట్లేదు. అమ్మాయి ఎలా ఉంది అంకుల్?

ప్రయారిటీడేట్_2014
బావుంది. పొమోనాలో సీఎస్‌యూకి వెళ్లింది. కెమిస్ట్రీలో బి.

జయహో_ట్రంపెట్
అసలు ఈ వీసాలు ఎవరు ఇమ్మన్నారు, ఎవరు రమ్మన్నారు, ఎన్నికలప్పుడు మన సంఘాల వాళ్లంతా

మోడరేటర్
ఇక్కడ వద్దు. వీసాల గొడవకి వేరే థ్రెడ్ ఉంది, 212 పేజీలు. అక్కడికి పదండి.

లెక్కల_మేడం
నాదొక ఫిర్యాదు, ఎవరైనా వింటే. 2017లో ఏబీ 705 అని చట్టం వచ్చింది. అంతకుముందు ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి పిల్లల్ని కింది లెక్కల క్లాసుల్లో కూర్చోబెట్టేవాళ్లు. కొందరికి అసలు క్లాసుకి చేరేలోపు మూడు నాలుగు సెమిస్టర్లు, దారిలోనే రాలిపోయేవాళ్లు. దాన్ని తీసేసి హైస్కూల్ మార్కులు చూసి నేరుగా పై క్లాసులో వేయమన్నారు. అది మంచిదే, నేనూ చప్పట్లు కొట్టా. తర్వాత 2022లో ఏబీ 1705 వచ్చి సైన్స్, ఇంజనీరింగ్ పిల్లల్ని త్వరగా కాల్క్యులస్‌లోకి తోయమంది. ఇప్పుడు సైన్ తీటా అంటే ఏంటో మర్చిపోయినవాడు నా ముందు ఇంటిగ్రేషన్‌లో కూర్చున్నాడు. ఎవడికి ఏ మెట్టు కావాలో నాకు మొదటి వారంలో తెలుస్తుంది, కానీ ఆ మెట్టు పీకేశారు.

కౌన్సెలింగ్_అక్క
మేడం, ఆ మెట్ల మీద కూర్చుండిపోయినవాళ్లని నేను చూశా. 2012లో ఒకాయన, వెల్డింగ్ పని చేస్తూ వచ్చేవాడు, ప్రీ-ఆల్జీబ్రా రెండుసార్లు పాసవ్వలేదు. ఆయనకి కావాల్సింది స్టాటిస్టిక్స్. ఆ రోజుల్లో దాని గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. మీ ఇంటిగ్రేషన్ అబ్బాయికి పక్కనే సపోర్ట్ క్లాసు పెడితే సరిపోదా?

లెక్కల_మేడం
ఆ సపోర్ట్ క్లాసు కూడా నేనే చెప్పాలి, 67 శాతం దాటకుండా 🙂 వెల్డింగ్ ఆయన సంగతి ఒప్పుకుంటా. స్టాటిస్టిక్స్ వరకు మీరే రైటు. కాల్క్యులస్ దగ్గర నేను.

ఖమ్మం_లెక్చరర్
ఇక్కడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నుంచి చదువుతున్నా. మీ దేశం వేరు, మా దేశం వేరు అనుకున్నా, కానీ 38 మంది 28 అవడం మాకూ తెలుసు. మా దగ్గర మిర్చి కోతలప్పుడు క్లాసు సగం అవుతుంది. మా సీనియర్ మేడం ఒకావిడ, పిల్ల మూడు రోజులు రాకపోతే సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేది. తిట్టేది కాదు, "రికార్డు బుక్కు నా దగ్గరే ఉండిపోయింది, వచ్చి తీసుకో" అనేది. ఆ బుక్కులు ఆవిడ కావాలనే ఉంచుకునేదని రిటైరయ్యాక తెలిసింది.

క్వీన్స్_కుర్రాడు
సార్, అదే మా మెట్రోకార్డ్.

ఈస్ట్‌బే_నాన్న
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా. అక్క చెప్పినట్టు నిలదీయలేదు. ఆదివారం వాడి షాపుకే వెళ్లి ఒక టారో బోబా కొనుక్కుని బయట కూర్చున్నా. (అందులో సగ్గుబియ్యం బాగానే ఉంది, ఆరు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు మాత్రం దారుణం.) బ్రేక్‌లో వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఫోన్‌లో పోర్టల్ తీయమన్నా. హోల్డ్స్‌లో ఎర్రగా ఒకటి. 62 డాలర్లు. మార్చిలో పర్మిట్ లేకుండా కారు పెట్టినందుకు టికెట్. కట్టడం మర్చిపోయాడు. హోల్డ్ ఉంది కాబట్టి వాడి రిజిస్ట్రేషన్ తేదీన పోర్టల్ తెరుచుకోలేదు. ఆ డబ్బు ఇప్పటికీ కట్టనేలేదు. ఆగస్టులో ఎవర్నో బతిమాలితే రెండు క్లాసులకి మాత్రం పర్మిషన్ ఇచ్చారట. కాల్క్యులస్ 2 అప్పటికే నిండిపోయింది. వెయిట్‌లిస్ట్‌లో 14. మేడం చెప్పిన మూడో ఛాన్స్ భయం కూడా ఉంది. క్లాసు నిండిపోయిందని తెలిసి "హమ్మయ్య అనిపించింది నాన్నా" అన్నాడు.

నేను ఇక్కడ బద్ధకం అని రాయలేదు కానీ మనసులో అదే అనుకున్నా. పార్కింగ్ టికెట్ అనుకోలేదు.

నాలుగు డబ్ల్యూల్లో రెండు గత ఏడాది ఫిబ్రవరివి. మా అమ్మ పోయి మేమంతా నెల రోజులు ఇండియాలో ఉన్నాం. వాణ్ణి తీసుకెళ్లింది నేనే. కాలేజీకి చెప్పాలని నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు.

కౌన్సెలింగ్_అక్క
అయ్యో. ఆ రెంటికీ ఈడబ్ల్యూ అడగమనండి వెంటనే. ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్. ఇంట్లో చావు, జబ్బు లాంటి చేతిలో లేని కారణాలకి కాగితం చూపిస్తే డబ్ల్యూని అలా మార్చమని అడగొచ్చు. మారిస్తే అది మూడు ప్రయత్నాల లెక్కలోకి రాదు. కాల్క్యులస్ 2 డబ్ల్యూ కూడా ఆ ఫిబ్రవరిదేనా?

ఈస్ట్‌బే_నాన్న
అవును. అదే.

లెక్కల_మేడం
అయితే ఒకటి కాదు, రెండు ఛాన్సులు మిగులుతాయి! డెత్ సర్టిఫికెట్, టికెట్ల కాపీ పెట్టండి. ఒప్పుకుంటారో లేదో కాలేజీ చేతిలో ఉంది, కానీ అడగండి.

ఇంకోటి, ఈ సెమిస్టర్ పోయిందనుకోకండి. లేట్ స్టార్ట్ క్లాసులు ఉంటాయి, 12 వారాలవి సెప్టెంబర్‌లో మొదలవుతాయి. మీ కాలేజీలో లేకపోతే పక్క డిస్ట్రిక్ట్‌లో వెతకండి, అసిస్ట్‌లో సమానమో కాదో చూసుకుని. కాకపోతే 12 వారాల కాల్క్యులస్ 2 అంటే పరుగే. వారానికి పాతిక గంటల పనితో కుదరదు. బాబాయ్ గారు ఆ ఒక్క విషయంలో కరెక్టు.

డల్లాస్_బాబాయ్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా మేడం.

ట్రాన్స్‌ఫర్_అయినోడు
అంకుల్, ట్యూటరింగ్ సెంటర్‌కి వెళ్లమంటే "వెళ్తా" అంటాడు, వెళ్లడు. నేనూ అంతే. హోంవర్క్ ఇంట్లో చేయొద్దనండి, అక్కడే కూర్చుని చేయమనండి. డౌట్ వచ్చినప్పుడు తల పైకెత్తితే ఎవరో ఒకరు ఉంటారు. డౌట్ కోసం లేచి వెళ్లాలంటే ఎవరూ వెళ్లరు. వాడు మాట్లాడతానంటే నాకు మెసేజ్ పెట్టమనండి.

ఈస్ట్‌బే_నాన్న
చివరి అప్‌డేట్. 62 డాలర్లు కట్టాం, లేట్ ఫీజుతో 87 అయింది. పక్క డిస్ట్రిక్ట్‌లో కాల్క్యులస్ 2 లేట్ స్టార్ట్ దొరికింది, సోమ, బుధ రాత్రులు. షాపులో గంటలు పన్నెండుకి తగ్గించుకున్నాడు. ఈడబ్ల్యూ కాగితాలు ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. కౌన్సెలర్‌తో ప్లాన్ వేయించుకున్నాడు, దాని ప్రకారం 2027 ఫాల్‌కి ట్రాన్స్‌ఫర్. బర్క్లీ లిస్టులో ఉంది, కానీ నాలుగోది. పైన డేవిస్ రాసుకున్నాడు. ట్రాన్స్‌ఫర్ తమ్ముడూ, నీ ప్రభావమే.

నిన్న మా ఆవిడ వాళ్ల అక్కతో ఫోన్‌లో, "కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాడే, ఇంకో రెండేళ్లు పడుతుంది" అంటుంటే విన్నా. అవతల నుంచి, "మా వాడికి బీటెక్‌లో ఇంకా ఆరు సబ్జెక్టులున్నాయి, ఎవరికీ చెప్పకు" అని వినబడింది. స్పీకర్‌లో ఉంది మరి.

మిర్చిబజ్జీ_99
అది మాత్రం ఎవరికీ చెప్పొద్దంటే వెయ్యి మందిలో పెట్టేశారు అంకుల్ 😂 కొత్త కాలేజీలో పార్కింగ్ పర్మిట్ కొన్నారా?

ఈస్ట్‌బే_నాన్న
మొదటిరోజే. ప్రింట్ తీసి డాష్‌బోర్డ్ మీద నేనే టేపేశా.